రికాబు పట్టీ బెజ్జాలు

ధర్మాబాదు,
నాందేడ్ జిల్లా.

చిరంజీవులైన మనవడికీ, మనవరాలికీ తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ నానమ్మా నేనూ క్షేమం. యార్డుకు కొత్త మిర్చి రావడం మొదలైంది. తలుపులు వేసుకున్నా ఘాటు ఇంట్లోకి వస్తోంది.

బాబూ, మొన్న ఫోనులో నువ్వడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. "జాకీలు ఎముకలు విరిగినా మళ్ళీ గుర్రమెక్కుతారని నువ్వే చెప్పావు కదా తాతయ్యా, మరి నేను కబడ్డీ ఆడితే ఏమవుతుంది?" అన్నావు. సైకిలు మీద నుంచి పడి నీ జత్రుక, అదే మెడ కింద భుజం దాకా ఉండే ఎముక, విరిగి ఇంకా మూడు వారాలే. డాక్టరు వద్దన్నారు, అమ్మ వద్దంది, తాతయ్యయినా సరేనంటాడని ఆశపడ్డావు. తప్పు నాదీ ఉంది. మొన్న మార్గశిరంలో మాళెగావ్ జాతరకు వెళ్ళినప్పుడు, ఖండోబాకు మొక్కి, మన మల్లన్నే ఇక్కడ ఖండోబా అని మీకు చెప్పి, గుర్రాల బజారులో గంటసేపు నిలబెట్టి కథలు చెప్పాను. జాకీ పడ్డాడు, లేచాడు, గెలిచాడు అన్నాను. పడడానికీ లేవడానికీ మధ్య ఉన్న నెలల గురించి ఒక్క మాట చెప్పలేదు. ఆ నెలలు నేను దగ్గర నుంచి చూసినవే.

ముందు ఒక సంగతి తెలుసుకోండి. గుర్రప్పందెంలో స్వారీ చేసే జాకీ జీను మీద కూర్చోడు. జీనుకు రెండు పక్కలా వేలాడే రికాబుల్లో పాదాల ముందుభాగం ఆనించి, మోకాళ్ళు ముడిచి, నడుము పైకి లేపి, గుర్రం మెడ మీదికి వంగి ఉంటాడు. కింద గుర్రం దాదాపు 500 కిలోలు, గంటకు 60 కిలోమీటర్లు దాటిన వేగం. పైన జాకీ 50 కిలోలకు కాస్త అటూ ఇటూ. పూర్వం జాకీలు నిటారుగా కూర్చునే స్వారీ చేసేవారు. 1900 ప్రాంతంలో ఈ వంగిన భంగిమ వచ్చాక పందేల్లో గుర్రాల వేగం 5 నుంచి 7 శాతం దాకా పెరిగిందని 2009లో ‘సైన్స్’ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. గుర్రం వీపు ప్రతి అంగకూ ముందుకూ వెనక్కూ, పైకీ కిందికీ ఊగుతుంది. జాకీ కాళ్ళు స్ప్రింగుల్లా ఆ ఊపునంతా మింగేస్తాయి, ఆయన శరీరం మాత్రం దాదాపు ఒకే వేగంతో సాగిపోతుంది. ప్రతి అంగకూ ఆయన్ని ఎగరేసి లాక్కుపోయే శ్రమ గుర్రానికి తప్పుతుంది. ఆ శ్రమ జాకీ తొడల మీద, మోకాళ్ళ మీద, చీలమండల మీద పడుతుంది. అందుకే కాలు విరిగిన జాకీకి కర్ర లేకుండా నడవడం వచ్చినంత మాత్రాన స్వారీ వచ్చినట్టు కాదు.

పెళ్ళికి ముందు నేను హైదరాబాదులో ఒక గుర్రపుశాలలో గుర్రాల బాగోగులు చూసే సాయిసుగా ఉన్నానని మీకు తెలుసు. మా శాల గుర్రాలను స్వారీ చేసే జాకీ ఒకరు పందెం మధ్యలో పడ్డారు. ముందున్న గుర్రం తడబడింది, దాని మీద మాది పడింది. ఎవరి తప్పూ లేదు. తొడ ఎముక రెండు ముక్కలైంది. లోపల కడ్డీ వేశారు. ఎనిమిది నెలల తర్వాత ఒకరోజు తెల్లవారుజామున నాలుగింటికి ఆయన శాలకు వచ్చి నిలబడ్డారు. మంచు కురుస్తోంది. శాలలో అన్నిటికన్నా నెమ్మదైన ముసలి ఆడగుర్రానికి జీను వేసి తెచ్చాను. ఆయన దాని మెడ మీద చెయ్యి వేసి చాలాసేపు ఊరికే నిలబడి, "రికాబులు దించు" అన్నారు.

రికాబును వేలాడదీసే తోలుపట్టీకి వరసగా బెజ్జాలుంటాయి. పట్టీ ఎంత పొట్టిగా బిగిస్తే మోకాలు అంతగా ముడుచుకోవాలి, తొడ అంత బరువు మోయాలి. ఈ జాకీ అందరికన్నా పొట్టిగా బిగించేవారు. ఆ రోజు మాత్రం ఒకటి, రెండు, మూడు అని దించుతూ ఆరు బెజ్జాలు దించమన్నారు. కొత్తగా స్వారీ నేర్చుకునే కుర్రాళ్ళు పెట్టుకునే పొడవు అది. మిగతా సాయిసులు తల తిప్పుకున్నారు. నేను ఆయన్ని ఎత్తి ఎక్కించాను. ఎడమ మోకాలు నా భుజానికి ఆనుకుని ఉంది. అది వణుకుతుంటే నా ఎముకకు తెలిసింది. ఆడగుర్రం కదలకుండా నిలబడింది. గుర్రానికి అన్నీ తెలుస్తాయి పిల్లలూ.

రెండు వారాలు నడక మాత్రమే. తర్వాత వడివడి నడక, ఆ తర్వాత నెమ్మదిగా దౌడు. బెజ్జం పైకి జరిపిన ప్రతిసారీ శాల తలుపు మీద సుద్దతో ఒక గీత గీసేవాణ్ణి. ఒక వారం పైకి జరిపిన బెజ్జాన్ని మరుసటి వారం మళ్ళీ దించాల్సి వచ్చింది. ఆ రోజు ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. నేను గీత చెరిపేశాను. ఆయన చూసి, "చెరపకు, పక్కన ఇంకో గీత గియ్యి, దించినది కూడా లెక్కే" అన్నారు. నాలుగు నెలలకు మళ్ళీ పందెంలో దిగారు. ఆరో స్థానంలో వచ్చారు. పేపర్లో ఆయన పేరు లేదు. దిగి, జీను భుజాన వేసుకుని, జీనుతో సహా తూకం వేయించుకోవడానికి వెళ్తూ నా దగ్గర ఆగి పట్టీ చూపించారు. బిగింపు పాత బెజ్జంలో ఉంది.

నీ భుజం సంగతీ అలాంటిదే బాబూ. ఎముక విరిగిన చోట ముందు రక్తం గడ్డకడుతుంది, తర్వాత మెత్తటి అతుకు వస్తుంది, ఆ తర్వాతే అది గట్టిపడుతుంది. పైకి గట్టిపడ్డాక కూడా లోపల నెలల తరబడి ఆకారం సరిదిద్దుకుంటూనే ఉంటుంది. నీ వయసులో తొందరగా అతుకుతుంది, సంతోషమే. కానీ మూడు వారాల అతుకును నమ్ముకుని నలుగురు మీదపడి లాగే ఆటకు దిగకూడదు. కట్టులో ఉన్నన్నాళ్ళూ పనిలేక కండ సన్నబడుతుంది, దానికీ వ్యవధి కావాలి. నొప్పి తగ్గింది కదా అంటావు. నొప్పి ఎముక కన్నా ముందే తగ్గుతుంది.

అమ్మడూ, ఆడవాళ్ళూ ఇలా తిరిగి వచ్చారా అని అడిగావు. అమెరికాలో జూలీ క్రోన్ అనే జాకీ 1993 జూన్‌లో బెల్మాంట్ స్టేక్స్ గెలిచింది. ట్రిపుల్ క్రౌన్ అని పిలిచే అక్కడి మూడు పెద్ద పందేల్లో ఒకదాన్ని ఆడమనిషి గెలవడం అదే మొదలు. ఆగస్టులో సారటోగాలో పడింది. చీలమండ నుజ్జయింది, రెండు ప్లేట్లు, 14 స్క్రూలు వేశారు. వెనక వచ్చిన గుర్రం ఛాతీ మీద తన్నింది. తొడుక్కున్న రక్షణ కోటు ప్రాణం నిలిపింది. తొమ్మిది నెలలకు తిరిగి వచ్చింది. 1995లో మళ్ళీ పడి చెయ్యి విరిగింది. తర్వాత తనను కుంగదీసిన భయం గురించీ దిగులు గురించీ ఆమె దాచుకోకుండా చెప్పింది. ఆమె గెలుపుల కన్నా ఆ మాటలే నాకు గొప్ప.

ఆస్ట్రేలియాలో మిషెల్ పేన్‌కు 2004లో పుర్రె పగిలింది. 2015లో ప్రిన్స్ ఆఫ్ పెన్జాన్స్ మీద మెల్బోర్న్ కప్ గెలిచింది, ఆ కప్పు గెలిచిన తొలి మహిళ. ఆ గుర్రానికి సాయిసు ఆమె అన్న స్టీవీ. పుట్టుకతోనే అతనికి డౌన్ సిండ్రోమ్ ఉంది. పందెంలో గుర్రం ఏ గడి నుంచి బయలుదేరాలో చీటీ తీసింది అతనే, ఒకటో నంబరు వచ్చింది. సాయిసుగా బతికినవాణ్ణి కాబట్టి ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నా కళ్ళు చెమరుస్తాయి. మరుసటి ఏడాది ఆమె మళ్ళీ పడింది, కడుపులోని క్లోమగ్రంథి చీలింది, మళ్ళీ వచ్చింది.

తలకు దెబ్బ తగిలితే మాత్రం లెక్క వేరు. ఇది మీరిద్దరూ గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. విరిగిన ఎముక ఎక్స్‌రేలో కనిపిస్తుంది. అదిరిన మెదడు బయటికి కనబడదు. మొదటి దెబ్బ నుంచి తేరుకోకముందే చిన్న రెండో దెబ్బ తగిలినా ప్రాణం మీదికి రావచ్చు. బ్రిటన్‌లో జాకీల జ్ఞాపకశక్తినీ చురుకుదనాన్నీ ముందే పరీక్షించి ఉంచుకుంటారు. తలకు దెబ్బ తగిలాక మళ్ళీ పరీక్షించి, పాత ఫలితంతో సరిచూసి గాని గుర్రం ఎక్కనివ్వరు. నా రోజుల్లో కళ్ళు తిరుగుతున్నా "ఏమీ లేదు" అని అబద్ధమాడి ఎక్కినవాళ్ళను చూశాను. స్వారీ చేస్తేనే డబ్బు, లేకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. వాళ్ళను తప్పుపట్టలేను. బ్రిటన్‌లో 1963 డిసెంబరులో టిమ్ బ్రూక్‌షా, 1964లో గ్రాండ్ నేషనల్ పందెంలో పాడీ ఫారెల్ అనే జాకీలు పడి నడుము కింద చచ్చుబడిపోతే, అక్కడివారు 1964లో గాయపడిన జాకీల కోసం ఒక నిధి పెట్టారు. 2009లో లాంబర్న్‌లో ఓక్సీ హౌస్ అనే కేంద్రం కట్టి, వ్యాయామాలు చేయించి నిలబెడుతున్నారు. తిండికి లోటు లేదని తెలిస్తేనే మనిషి నొప్పి గురించి నిజం చెబుతాడు.

ఇంకొకరి సంగతి చెప్పి ముగిస్తాను. డెక్లన్ మర్ఫీ అనే జాకీ 1994 మే నెలలో ఇంగ్లండులో హేడాక్ పార్కులో పడ్డాడు. పుర్రె 12 చోట్ల చిట్లింది. బతకడని ఒక పందేల పత్రిక చావువార్త కూడా రాసి సిద్ధం చేసుకుంది. ఏడాదిన్నర దాకా శ్రమించి 1995 అక్టోబరులో చెప్‌స్టోలో జిబెరీన్ అనే గుర్రం మీద ఒక్క పందెం స్వారీ చేశాడు, గెలిచాడు, అంతటితో మానేశాడు. ఎందుకు మానాడని కొందరు బాధపడ్డారు. నాకైతే ఆయన వచ్చిన పని పూర్తిచేసుకుని వెళ్ళాడనిపిస్తుంది. నువ్వు ఈ ఏడు కబడ్డీ ఆడకపోయినా, రేపు అసలు వద్దనుకున్నా, ఈ తాతయ్య దృష్టిలో నీకేమీ తగ్గదు.

పట్టీ తీసి చెయ్యి కదపమని డాక్టరు చెప్పిన రోజున గోడకు ఎదురుగా నిలబడు. ఆయన చూపించినట్టే వేళ్ళను గోడ మీద పైకి నడిపించు. ఆగిన చోట చెల్లి చేత పెన్సిలుతో గీత గీయించు. తగ్గిన రోజున కూడా గీయించు. అమ్మ గోడ పాడయిందంటే నేను మాట్లాడతాను. నానమ్మ దగ్గర కుట్టుటేపు తీసి పెట్టుకున్నాను. మొదటి గీత నేల నుంచి ఎన్ని అంగుళాలుందో ఫోనులో చెబితే, ఇక్కడ మన వసారా గోడ మీద నేనూ గీస్తాను.

ఇట్లు,
మీ తాతయ్య