కాలువ చివరి పొలం, కాలి చివరి నరం

పోయిన కత్తిరి ఎండల్లో మా పెద్దమ్మ చెన్నై మైలాపూరులో ఒక గుడికి వెళ్ళి, పట్టపగలు పదకొండు ప్రదక్షిణలు చేసి మాంబళంలోని ఇంటికి వచ్చింది. ఆ వేళకు కొబ్బరిపీచు పట్టా పరవని చోట రాయి పెనంలా కాలుతుంది. తోటివాళ్ళు గెంతుతూ నడుస్తుంటే ఆవిడ మాత్రం నింపాదిగా తిరిగిందట. భక్తి అనుకున్నాం. సాయంత్రం గచ్చుమీద తడి అడుగులు చూసి పనిమనిషి అడిగితే తెలిసింది, రెండు అరికాళ్ళ నిండా బొబ్బలు.

ఆవిడకు పద్నాలుగేళ్ళుగా షుగరు. డాక్టరు కళ్ళు మూసుకోమని, అరికాలిలో ఒక్కోచోట నైలాను పోగు ఒకటి ఆనించారు. అది 10 గ్రాముల ఒత్తిడికి వంగేలా చేసిన పోగు. తగిలినప్పుడల్లా చెప్పమన్నారు. కాసేపు ఊరుకుని, "ఇంకా మొదలుపెట్టలేదా బాబూ?" అంది పెద్దమ్మ. అప్పటికే ఆరు చోట్ల అయిపోయింది. తర్వాత సెకనుకు 128 సార్లు కంపించే శ్రుతిదండం తెచ్చి బొటనవేలి ఎముక మీద పెట్టారు. డిసెంబరు కచేరీల్లో అపశ్రుతిని ఇట్టే పట్టే మనిషికి ఆ కంపనం తెలియనే లేదు.

మోకాలు, తొడ బాగానే ఉండగా పాదమే ఎందుకు మొద్దుబారింది? జవాబు నాడి పొడవులో ఉంది. బొటనవేలి స్పర్శను మోసే నాడీకణం ఉండేది నడుము దగ్గర, వెన్నెముక పక్కన. అక్కడి నుంచి దాని తంతువు దాదాపు మీటరు పొడవున వేలిదాకా సాగుతుంది. మరమ్మతుకు కావలసిన ప్రోటీన్లలో చాలావరకు పైన తయారై కిందికి ప్రయాణించాలి. కొన్ని సరుకులు రోజుకు మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల చొప్పున కదులుతాయి. కండలేరు జలాశయంలో వదిలిన కృష్ణా నీరు కాలువ వెంట పూండి జలాశయం చేరేసరికి తగ్గిపోవడం చెన్నైవాసులకు కొత్త కాదు. కాలువ ఎక్కడ దెబ్బతిన్నా ముందు ఎండేది శివారు పొలమే. అందుకే మొద్దుబారడం వేళ్ళ దగ్గర మొదలై, మేజోడు తొడిగినట్టు పైకి పాకుతుంది. అది మోకాలి దగ్గరికి వచ్చేసరికి చేతివేళ్ళ కొసల్లోనూ తిమ్మిరి మొదలవుతుంది. ఆ రెండు చోట్లకూ వెళ్ళే నాడుల పొడవు ఇంచుమించు ఒకటే మరి.

కాలువను పాడుచేసేది చక్కెర. కండరం గ్లూకోజును తీసుకోవడానికి ఇన్సులిన్ అనుమతి కావాలి, నాడికి అక్కరలేదు. రక్తంలో ఎంత పెరిగితే లోపలా అంత పెరుగుతుంది. మిగులు గ్లూకోజును ఒక ఎంజైము సార్బిటాల్‌గా మారుస్తుంది. ఆ పనిలో కణం తన ఆత్మరక్షణకు దాచుకున్న రసాయనాలు ఖర్చయిపోతాయి. ఇంకొంత చక్కెర ప్రోటీన్లకు అతుక్కుంటుంది. మూడు నెలల సగటు అంటూ మనం చేయించుకునే పరీక్ష కొలిచేది ఇలా హిమోగ్లోబిన్‌కు అతుక్కున్న చక్కెరనే. ఎర్రకణం 120 రోజుల్లో పోతుంది, దాంతోపాటు ఆ మరకా పోతుంది. నాడి అలా కాదు, జీవితాంతం ఉండవలసినది.

తెలుగులో నాడినీ నరమే అంటాం, ఉబ్బిన రక్తనాళాన్నీ నరమే అంటాం. డాక్టర్లకు ఇది చిరాకు. షుగరు విషయంలో మాత్రం ఈ పొరపాటులో కొంత నిజం ఉంది. నాడికి కూడా రక్తం కావాలి. దాన్ని తెచ్చే సన్నని నాళాల గోడలు మందమైతే ప్రాణవాయువు అందక నాడి చిక్కిపోతుంది. మరోవైపు మోకాలి కింది పెద్ద ధమనులు కొవ్వుతో పూడుకుంటాయి. మామూలుగా అయితే నాలుగడుగులు వేయగానే పిక్కలు పట్టేసి మనిషిని ఆపుతాయి. నాడి మొద్దుబారితే ఆ నొప్పి కూడా రాకపోవచ్చు. గుండెపోటు సైతం ఛాతీనొప్పి లేకుండా వచ్చిపోయేది ఇందుకే.

కొలతలూ ఒక్కోసారి ఏమారుస్తాయి. చీలమండ దగ్గరి రక్తపోటును చేతి రక్తపోటుతో భాగిస్తే సుమారు 1 రావాలి. 0.9 కన్నా తగ్గితే కాలిధమని పూడుకుంటోందని అనుమానిస్తారు. అయితే షుగరు ముదిరినవారిలో ధమని గోడకు సున్నం పట్టి గట్టిపడుతుంది, పట్టీ ఎంత బిగించినా నొక్కుకోదు. అంకె 1.4 దాటి, రక్తం దివ్యంగా పారుతున్నట్టు చూపిస్తుంది. అప్పుడు బొటనవేలి దగ్గర కొలవాలి.

నొప్పి లేకపోవడమే గాయాలకు మూలమని గట్టిగా చూపించినది మనకు దగ్గర్లోని వేలూరులోనే. 1946లో అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్ కుష్ఠురోగులను ఏళ్ళ తరబడి గమనించారు. వేళ్ళను తినేస్తున్నది నేరుగా రోగం కాదు, స్పర్శ లేని చేయి తనకు తెలియకుండా కాల్చుకుంటోంది, కోసుకుంటోంది. తర్వాత అమెరికా వెళ్ళి ఇదే చూపుతో షుగరు రోగుల పాదాలనూ పరిశీలించారు. ఇవాళ షుగరువాళ్ళకు రాసే మెత్తటి ఎం.సి.ఆర్. (సూక్ష్మరంధ్రాల రబ్బరు) చెప్పులు కుష్ఠురోగులకూ వాడేవే.

పోయిన స్పర్శ తిరిగి రావడం అరుదు. ఆపడం కొంత మన చేతిలో ఉంది. 1993లో వెలువడిన అమెరికా, కెనడాల అధ్యయనంలో, మొదటి రకం షుగరు ఉన్నవారు చక్కెరను గట్టిగా అదుపులో పెడితే నాడీజబ్బు సుమారు 60 శాతం తగ్గింది. మనలో ఎక్కువమందికి ఉండే రెండో రకంలో ఫలితం అంత ఘనంగా లేదు. అక్కడ రక్తపోటు, కొవ్వు, పొగాకు కూడా చేయి కలుపుతాయి.

బొబ్బలు మానడానికి ఏడు వారాలు పట్టింది. ఇప్పుడు పెద్దమ్మ స్నానాల గదిలో నేలమీద ఒక అద్దం ఉంటుంది, రోజూ అరికాళ్ళు చూసుకోవడానికి. వేణ్ణీళ్ళ బకెట్టులో కాలు పెట్టి చూడటం మానేసి మోచేయి ముంచుతోంది. అక్కడిదాకా వచ్చే నాడి పొట్టిది, ఇంకా నిజమే చెబుతోంది.