జర్మనీ బాస్కెట్‌బాల్: వేసవిలో ఎవరొస్తారు?

26 సార్లు విసిరితే 4 పడ్డాయి. 2023 ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్లో జర్మనీ కెప్టెన్ డెనిస్ ష్రోడర్ లెక్క అది. మనీలాలో లాత్వియా మీద మ్యాచ్. ఆఖరి క్షణంలో లాత్వియా దూరం నుంచి వేసిన మూడు పాయింట్ల షాట్ పడి ఉంటే జర్మనీ సూట్‌కేసులు సర్దుకోవాల్సిందే. అది పడలేదు. 81-79తో బయటపడ్డారు. రెండు రోజులకు సెమీస్‌లో అమెరికాను 113-111తో ఓడించారు. ఇంకో రెండు రోజులకు, సెప్టెంబర్ 10న, ఫైనల్లో సెర్బియా మీద 83-77తో గెలిచారు. ఫైనల్లో అదే ష్రోడర్ 28 పాయింట్లు కొట్టాడు, టోర్నీ ఉత్తమ ఆటగాడిగా నిలిచాడు. అమెరికాను ఓడించేదాకా సొంత దేశంలోనే చాలామంది ఈ టోర్నీని పట్టించుకోలేదు. ఫైనల్‌ను చూపిస్తామని ప్రభుత్వ రంగ టీవీ జెడ్‌డీఎఫ్ అప్పుడు ముందుకొచ్చింది.

రెండేళ్ల తర్వాత, 2025 సెప్టెంబర్ 14న, రీగాలో టర్కీని 88-83తో ఓడించి యూరప్ దేశాల టోర్నీ యూరోబాస్కెట్ కూడా గెలిచారు. ఈసారి హెడ్ కోచ్ అలెక్స్ ముంబ్రూ ఇన్‌ఫెక్షన్‌తో ఆసుపత్రి పాలయ్యాడు. అసిస్టెంట్ అలన్ ఇబ్రహిమాగిచ్ జట్టును నడిపించాడు. ప్రపంచకప్‌లో 8కి 8, యూరోబాస్కెట్‌లో 9కి 9. రెండు టోర్నీల్లోనూ ఒక్క మ్యాచ్ ఓడలేదు. కోచ్ మారినా, ఉన్న కోచ్ మంచం పట్టినా జట్టు చెదరలేదు.

ఇప్పుడు అందరి దృష్టీ 2027 ప్రపంచకప్ మీద, 2028 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్ మీద ఉంది. అప్పటికి జట్టులో ఎవరుంటారు? జర్మనీ బాస్కెట్‌బాల్‌లో ఈ ప్రశ్న ఎప్పుడూ 'ఎవరు బాగా ఆడతారు' అన్నది కాదు, 'ఎవరు వస్తారు' అన్నది. అది అర్థం కావాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

జర్మనీ మొదటి పెద్ద టైటిల్ 1993 యూరోబాస్కెట్. మ్యూనిక్‌లో సొంత జనం ముందు ఫైనల్లో రష్యాను 71-70తో, ఒకే ఒక్క పాయింట్ తేడాతో ఓడించారు. ఆఖరి సెకన్లలో క్రిస్ వెల్ప్ బుట్టలో వేసి, ఫౌల్ వల్ల వచ్చిన ఫ్రీ త్రో కూడా పడేశాడు. అప్పుడు అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో వెలుగుతున్న జర్మన్ స్టార్ డెట్లెఫ్ ష్రెంఫ్. ఆయన ఆ జట్టులో లేడు. ఆయన లేకుండానే గెలిచారు. కోచ్ సెర్బియాకు చెందిన స్వెటిస్లావ్ పెషిచ్. 30 ఏళ్ల తర్వాత మనీలా ఫైనల్లో ఎదుటి బెంచీ మీద, సెర్బియా కోచ్‌గా కూర్చున్నదీ ఆయనే. తాను మొదటి టైటిల్ గెలిపించిన దేశమే తన సొంత దేశానికి కప్పు దక్కకుండా చేయడం ఆయన దగ్గరుండి చూడాల్సి వచ్చింది.

83లో లార్డ్స్ గెలుపు తర్వాత మన వీధుల్లో క్రికెట్‌కు వచ్చిన ఊపు, 93 తర్వాత అక్కడ బాస్కెట్‌బాల్‌కు రాలేదు. ఫుట్‌బాల్ అనే మర్రిచెట్టు కింద మరో ఆట ఎదగడం కష్టం.

ఆ తర్వాత వచ్చినవాడు డర్క్ నొవిట్‌స్కీ. వూర్ట్స్‌బర్గ్ కుర్రాడు. ఆయనతో 2002 ప్రపంచ టోర్నీలో కాంస్యం, 2005 యూరోబాస్కెట్‌లో రజతం వచ్చాయి. రెండుసార్లూ టోర్నీ ఉత్తమ ఆటగాడు ఆయనే. కానీ జట్టు మొత్తం ఒక్క మనిషి భుజాల మీద నడిచింది. ఆయనకు తోడుగా 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కు అమెరికాలో పుట్టి పెరిగిన క్రిస్ కేమన్‌కు, పూర్వీకులు జర్మన్లన్న ఆధారంతో, పాస్‌పోర్టు ఇచ్చి మరీ ఆడించారు. 2014 ప్రపంచకప్‌కు జర్మనీ అర్హతే సాధించలేదు. 2015లో బెర్లిన్‌లో నొవిట్‌స్కీ జాతీయ జట్టుకు వీడ్కోలు చెప్పాడు. 2019లో చైనాలో జరిగిన ప్రపంచకప్‌లో, ష్రోడర్ ఉన్నా, జట్టుకు దక్కింది 18వ స్థానం.

మరి నాలుగేళ్లలో 18 నుంచి 1కి ఎలా వచ్చారు? నా దృష్టిలో జవాబు స్టార్లలో లేదు, లీగ్ నిబంధనల్లో ఉంది. ఒకప్పుడు జర్మన్ లీగ్ క్లబ్బులు చవగ్గా దొరికే అమెరికన్లతో జట్లు నింపేసేవి, స్థానిక కుర్రాళ్లు బెంచీకే పరిమితం. 2006లో అండర్-19 జాతీయ లీగ్ పెట్టారు, తర్వాత అండర్-16కు కూడా. 2012-13 సీజన్ నుంచి 12 మంది జట్టులో కనీసం 6గురు జర్మన్లు ఉండాలని నిబంధన వచ్చింది. 1993 విజేతల్లో ఒకడైన హెన్నింగ్ హార్నిష్ ఆల్బా బెర్లిన్ క్లబ్బులో చేరి, కిండర్‌గార్టెన్ల నుంచి బడుల దాకా బంతిని తీసుకెళ్లే కార్యక్రమం కట్టాడు. ఆ ఆల్బా అకాడమీలో పెరిగినవాళ్లే మోరిట్జ్, ఫ్రాంజ్ వాగ్నర్ సోదరులు. 93 గెలుపు ఫలం వీధుల్లో కనబడలేదు గానీ బడుల్లోకి మాత్రం ఇలా చేరింది. కాయడానికే రెండు దశాబ్దాలు పట్టింది.

కుర్రాళ్లు తయారయ్యారు సరే, అందరూ ఒకచోట చేరాలి కదా. ఎన్‌బీఏ ఆటగాడికి జాతీయ జట్టంటే వేసవి సెలవులు పోయినట్టే. గాయమైతే కోట్ల కాంట్రాక్టు ప్రమాదంలో పడుతుంది, దానికి ఇన్సూరెన్స్ ఖర్చు ఫెడరేషన్ నెత్తిన పడుతుంది. 2021లో కాంట్రాక్టు ముగిసిన ష్రోడర్‌కు ఆ ఇన్సూరెన్స్ కుదరక టోక్యో ఒలింపిక్స్‌కు వెళ్లలేకపోయాడు. ఆ ఏడాదే కోచ్‌గా వచ్చిన కెనడా మనిషి గోర్డన్ హెర్బర్ట్ ఆటగాళ్ల దగ్గరకు వెళ్లి ఒకే మాట అడిగాడు: మూడు వేసవులు ఇవ్వండి, 2022, 2023, 2024. ఒక్క టోర్నీకి వచ్చి పోవడం కుదరదు.

ఆ మాట ఎంత గట్టిగా పట్టుకున్నారంటే, 2022లో ఆడని మాక్సీ క్లేబర్‌ను 2023 జట్టులోకి తీసుకోవడం మీద ష్రోడర్ బహిరంగంగానే అభ్యంతరం చెప్పాడు. క్లేబర్ తప్పుకున్నాడు. ఇంటి గొడవ వీధిలో పెట్టుకోవడం ఏం బాగుందని అప్పట్లో విసుక్కున్నవాళ్లున్నారు. నాకూ అది మర్యాదగా అనిపించలేదు. కానీ జట్టు లోపలి కట్టుబాటు ఏమిటో దాంతో అందరికీ తెలిసిపోయింది. 2022లో బెర్లిన్‌లో యూరోబాస్కెట్ కాంస్యం, 2023లో ప్రపంచకప్, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. మూడు వేసవులూ అలా గడిచాయి. హెర్బర్ట్ మాట ప్రకారం అక్కడికి ముగించి వెళ్లాడు.

2025 జట్టు అందుకే ఆసక్తికరం. ఒప్పందం గడువు అయిపోయినా ఎక్కువమంది మళ్లీ వచ్చారు. మోకాలి గాయంతో మోరిట్జ్ వాగ్నర్ లేడు. కొత్తగా మ్యూనిక్ కుర్రాడు ట్రిస్టన్ డా సిల్వా వచ్చాడు, అన్న ఆస్కర్ కూడా అదే జట్టులో. ఫైనల్లో ఐజాక్ బోంగా 20 పాయింట్లు కొట్టాడు. ఆఖరి 6 పాయింట్లు మాత్రం మళ్లీ ష్రోడర్‌వే.

ఇక ముందు సంగతి. తర్వాతి తరం ఉంది, సందేహం లేదు. 2024లో జర్మనీ అండర్-18 యూరప్ టైటిల్ గెలిచింది. 2025లో లొజాన్‌లో అండర్-19 ప్రపంచకప్ ఫైనల్ దాకా వెళ్లి అమెరికా చేతిలో ఓడింది. ఆ జట్టు పెద్ద దిక్కు హానెస్ స్టైన్‌బాక్ కూడా నొవిట్‌స్కీ లాగే వూర్ట్స్‌బర్గ్ వాడే. అక్కణ్నుంచి వాషింగ్టన్ యూనివర్సిటీకి వెళ్లాడు. బంతిని నడిపించే గార్డ్ క్రిస్టియన్ ఆండర్సన్ టెక్సస్ టెక్ యూనివర్సిటీలో చేరాడు.

చిక్కు కూడా అక్కడే ఉంది. అమెరికా కాలేజీలు ఇప్పుడు ఆటగాళ్లకు నేరుగా డబ్బు ఇవ్వగలుగుతున్నాయి. అంత సొమ్ము జర్మన్ క్లబ్బులు ఇవ్వలేవు. 6 మంది స్థానికుల నిబంధనతో పెంచిన మొక్కలు పూత దశలో సముద్రం దాటిపోతున్నాయి. పైగా ప్రపంచ విజేతకు, యూరప్ విజేతకు కూడా నేరుగా ప్రపంచకప్ సీటు దొరకదు. క్వాలిఫయర్లు నవంబర్, ఫిబ్రవరి నెలల్లోనూ ఉంటాయి. ఆ రోజుల్లో ఎన్‌బీఏ వాళ్లు రారు, యూరప్ పెద్ద క్లబ్బుల పోటీ యూరోలీగ్‌లో ఆడేవాళ్లను రప్పించడమూ కష్టమే, కాలేజీ కుర్రాళ్లకూ అప్పుడే సీజన్. అంటే చలికాలంలో టీవీలో పేరు వినని 12 మంది చెమటోడ్చి టికెట్ సంపాదించాలి, వేసవిలో స్టార్లు వచ్చి ఆ టికెట్ మీద విమానం ఎక్కాలి. చలికాలం జట్టులో ఆడినవాళ్లకు ఇది కడుపు మండే విషయమే, అయినా ఆడతారు.

ముంబ్రూ తేల్చుకోవాల్సింది కూడా అదే. డానియల్ థైస్, మావోడో లో వంటి 1992 తరం వాళ్లు 35కు చేరుకుంటున్నారు. వాళ్ల స్థానాల్లో కాలేజీ నుంచి వచ్చే కుర్రాళ్లను నేరుగా దించాలా, చలికాలంలో నమ్ముకున్నవాళ్లకు చోటివ్వాలా? హెర్బర్ట్ పెట్టిన 'అన్ని వేసవులూ రావాలి' అన్న షరతు, ఇంకా ఎన్‌బీఏలో కుదురుకోని ఇరవై ఏళ్ల కుర్రాడికి వర్తిస్తుందా?

2027 ప్రపంచకప్ దోహాలో ఆగస్టు 27న మొదలవుతుంది. ఆ రోజు ఫ్రాంజ్ వాగ్నర్‌కు 26 నిండుతాయి. ఫైనల్ సెప్టెంబర్ 12న. ష్రోడర్‌కు 34 నిండేది ఆ తర్వాత మూడు రోజులకు.