మౌంట్ రోడ్డు మేడ: ఎల్ఐసీ భవనం వెనక కథ

మా నెల్లూరు వైపు నుంచి మదరాసు వెళ్ళొచ్చినవాళ్ళని ఒకప్పుడు రెండే ప్రశ్నలు అడిగేవాళ్ళు. సముద్రం చూశావా? ఎల్ఐసీ చూశావా? చిన్నప్పుడు మా నాన్న నన్ను మౌంట్ రోడ్డు ఫుట్‌పాత్ మీద నిలబెట్టి అంతస్తులు లెక్కపెట్టమన్నారు. ఎండకి కళ్ళు చికిలించుకుని, మెడ వెనక్కి వంచి లెక్కపెడుతుంటే తొమ్మిదో పదో దగ్గర లెక్క తప్పేది. మళ్ళీ కింది నుంచి మొదలు. అప్పటికే దేశంలో అంతకన్నా ఎత్తైన భవనాలు చాలా వచ్చేశాయి. అయినా మా వాళ్ళకి ఎత్తంటే అదే.

ఆ మేడ ఎల్ఐసీయే కట్టించిందని చాలామంది అనుకుంటారు. పునాదులు తవ్వేనాటికి ఎల్ఐసీ అనే సంస్థే లేదు.

దాన్ని తలపెట్టిన మనిషి ఎం.సీటీ.ఎం. చిదంబరం చెట్టియార్. 1937లో ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు పెట్టి, కారైక్కుడి, మదరాసు, రంగూన్ మూడుచోట్లా ఒకే రోజు తలుపులు తెరిచిన చెట్టినాడు వ్యాపారి. యునైటెడ్ ఇండియా పేరుతో బీమా వ్యాపారం కూడా ఆయనదే. ఆ బీమా కంపెనీకి దేశమంతా చెప్పుకునే ఆఫీసు ఉండాలని మౌంట్ రోడ్డు మీద ఈ పని మొదలుపెట్టించారు.

అది 1953. తెలుగువాళ్ళు మరిచిపోలేని ఏడాది. అంతకు ముందు డిసెంబరులో ఇదే ఊళ్ళో, మైలాపూర్‌లో, పొట్టి శ్రీరాములు గారు నిరాహార దీక్షలో ప్రాణం వదిలారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ‘మదరాసు మనదే’ అన్న వాదన అక్కడితో ఓడిపోయింది. చెయ్యిజారిన ఆ నగరంలో దేశంలోనే ఎత్తైన మేడ లేవబోతోందని అప్పుడు ఎంతమందికి తెలుసో! రాజధాని పోయినా బంధం తెగలేదు. తెలుగు సినిమా ఇంకా దశాబ్దాల పాటు అక్కడే ఉంది. రైలెక్కి సెంట్రల్‌లో దిగే తెలుగువాళ్ళూ తగ్గలేదు.

డిజైన్ లండన్ ఆర్కిటెక్టులు హెచ్.జె. బ్రౌన్, ఎల్.సి. మౌలిన్‌లది. అప్పటికి కొత్తగా వచ్చిన న్యూయార్క్ ఐక్యరాజ్యసమితి సెక్రటేరియట్ భవనం వాళ్ళకి నమూనా. గుమ్మటం లేదు, మినారు లేదు, ఆర్చీ లేదు. లావుపాటి పుస్తకాన్ని నిలబెట్టినట్టు ఉండే ఆకారం, వరసలు వరసలుగా కిటికీలు, అంతే. అంతవరకూ మౌంట్ రోడ్డుకి అందం తెచ్చినవి బ్రిటిష్ కాలపు ఎర్ర ఇటుక, తెల్ల సున్నం భవనాలు. వాటి మధ్య ఇది పూర్తిగా వేరే కాలం మనిషిలా నిలబడింది.

అసలు మార్పు గోడల లోపల ఉంది. మన పక్క పాత ఇళ్ళలో మద్రాసు మిద్దె చూసినవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. టేకు దూలాలు పరిచి, వాటిమీద సన్నటి ఇటుకలు నిలువుగా పేర్చి, సున్నంతో బిగించేవాళ్ళు. ఆ బరువంతా మోసేది గోడలే. అంతస్తు పెరిగే కొద్దీ కింద గోడ మందం పెరగాలి, కాబట్టి ఆ పద్ధతిలో పది పన్నెండు అంతస్తులు లేపితే కింద గదులకి చోటే మిగలదు. కాంక్రీటు స్తంభాలు, దూలాల చట్రం బరువు మోస్తే గోడ కేవలం తెరలా ఉంటే చాలు. మదరాసు ప్రాంతం సున్నం, ఇటుక వదిలి కాంక్రీటు వైపు తిరిగింది ఈ మేడతోనే అని చెబుతారు. కట్టిన కంపెనీ మురుగప్ప గ్రూపుకి చెందిన కోరమాండల్ ఇంజనీరింగ్.

చెట్టియార్ మాత్రం దాన్ని చూసుకోలేకపోయారు. 1954 మార్చి 13న సింగపూర్ కల్లాంగ్ విమానాశ్రయంలో దిగుతూ బీఓఏసీ అనే బ్రిటిష్ సంస్థ విమానం ఒకటి రన్‌వే అంచుకు కొట్టుకుని కాలిపోయింది. ప్రయాణికులు 31 మందిలో ఒక్కరూ మిగల్లేదు. వాళ్ళలో ఆయన ఒకరు. అప్పటికి ఆయనకి యాభై ఏళ్ళు కూడా లేవు.

రెండేళ్ళు తిరక్కుండానే ఆయన కంపెనీ కూడా పోయింది. 1956 జనవరి 19న ఆర్డినెన్స్ ద్వారా జీవిత బీమాని కేంద్ర ప్రభుత్వం చేతిలోకి తీసుకుంది. సెప్టెంబరు 1న 245 కంపెనీలు, సొసైటీలు కలిసి ఎల్ఐసీ అయ్యాయి. సగం లేచిన మేడ కూడా ఆస్తుల జాబితాలో భాగంగా అటు వెళ్ళిపోయింది. 1957లో లండన్ ఆర్కిటెక్టులు తప్పుకుంటే, మదరాసు ఆర్కిటెక్ట్ ఎల్.ఎం. చితళే మిగతా పని పూర్తిచేశారు. ఖర్చు సుమారు 87 లక్షల రూపాయలు.

1959 ఆగస్టు 23న ఆర్థికమంత్రి మొరార్జీ దేశాయ్ ప్రారంభించారు. నిజానికి ఆ రిబ్బను మదరాసు మనిషే, టి.టి. కృష్ణమాచారే, కత్తిరించాల్సింది. కానీ ఎల్ఐసీ పుట్టి ఏడాది తిరక్కుండానే హరిదాస్ ముంద్రా అనే వ్యాపారి కంపెనీల షేర్లు కొని గొడవలో ఇరుక్కుంది, ఆ దెబ్బకి 1958లో ఆయన ఆర్థికమంత్రి పదవి వదులుకోవాల్సి వచ్చింది.

దేశంలో అన్నిటికన్నా ఎత్తైనదన్న పేరు రెండేళ్ళే నిలిచింది. 1961లో బొంబాయిలో ఉషాకిరణ్ అనే భవనం దాన్ని దాటేసింది. మదరాసులో మాత్రం చాలా ఏళ్ళు దానికి పోటీ లేదు. సినిమాలో పల్లెటూరి హీరో పట్నం చేరాడని చూపించాలంటే సెంట్రల్ స్టేషన్, తర్వాత ఈ మేడ. ఆ రెండు షాట్లు చాలు. 1975 జులై 11న పెద్ద అగ్నిప్రమాదం జరిగితే బాగుచేసి మళ్ళీ నిలబెట్టారు. 2019లో దాని పక్కన భూమి కింద మెట్రో స్టేషన్ వచ్చింది. దానికీ ఎల్ఐసీ అనే పేరు పెట్టారు.

అదే రోడ్డు మీద అదే సంస్థకి ఇంకో మేడ ఉంది, దాని గురించి చెప్పకపోతే ఈ కథ సగమే. 1897 నాటి భారత్ బిల్డింగ్. స్మిత్ అండ్ కంపెనీ అనే మందుల వ్యాపారుల కోసం కట్టిన మినార్ల భవనం. తర్వాత భారత్ ఇన్సూరెన్స్ కంపెనీ కొనుక్కుంది, జాతీయీకరణతో అదీ ఎల్ఐసీకి వచ్చింది. 2006లో దాన్ని కూలగొట్టడం మొదలుపెడితే వారసత్వ కట్టడాల కోసం పనిచేసే ఇంటాక్ సంస్థ వాళ్ళు హైకోర్టుకి వెళ్ళి ఆపించారు. వారసత్వ కట్టడాన్ని కాపాడాల్సిందేనని 2010లో తీర్పు వచ్చింది. అప్పటికే లోపల చాలా భాగం దెబ్బతింది. ఆ తీర్పు కూల్చివేతని ఆపగలిగింది గానీ, భవనానికి ప్రాణం పోయాల్సింది యజమానే. మంటల్లో కాలిన మేడని బాగుచేసుకున్న సంస్థకి, పక్కనున్న పాత మేడని బాగుచెయ్యడం చేతకాని పని కాదు.