35 వేల దగ్గరే ఆగిన లెక్క

పేద విద్యార్థుల ఫీజును కళాశాలలకు ప్రభుత్వమే కట్టే ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకంలో, సర్కారు చెల్లించని బకాయిల గొడవ తెలంగాణలో మళ్లీ మొదలైంది. పథకం ఎవరు తెచ్చారు, ఎంతమంది పేదింటి పిల్లలు దానివల్ల ఇంజినీర్లయ్యారు అన్నది ఇంటింటికీ తెలిసిన విషయమే కాబట్టి వైఎస్ హయాం నుంచి ఏకరువు పెట్టనక్కర్లేదు. ఇప్పటి తగాదా అర్థం కావాలంటే చూడాల్సింది 2012వ సంవత్సరం.

అంతకుముందు ఇంజినీరింగ్‌లో ఎంసెట్ ర్యాంకును బట్టి ప్రభుత్వం నింపే కన్వీనర్ కోటా సీటు ఫీజు 31 వేల రూపాయలు, యాజమాన్యాలు నింపుకునే మేనేజ్‌మెంట్ కోటాలో 95 వేలు. కన్వీనర్ సీటు వచ్చిన అర్హులకు ఆ 31 వేలూ ప్రభుత్వమే కట్టేది. ఒకే బెంచీ మీద కూర్చునే ఇద్దరికి రెండు ఫీజులేమిటన్న వివాదం కోర్టులకెక్కి, చివరికి అందరికీ ఒకే ఫీజు పద్ధతి వచ్చింది. ఏ కళాశాల ఖర్చును బట్టి ఆ కళాశాలకు ఫీజు. చాలావాటికి 35 వేలు ఖరారైంది. పేరున్న కొన్నింటికి లక్ష చుట్టుపక్కలకు చేరింది.

ఖజానాకు టెన్షన్ పట్టుకుంది అక్కడే. మొత్తం కడితే భారం మోయలేం, మానేస్తే ఓట్లు పోతాయి. కిరణ్‌కుమార్‌రెడ్డి ప్రభుత్వం మధ్యేమార్గం వెతికింది. ఎస్సీ, ఎస్టీలకు పూర్తి ఫీజు ఉంచారు. బీసీ, ఈబీసీ (ఇతర కులాల్లోని పేదలు)ల్లో ఎంసెట్ ర్యాంకు 10 వేల లోపు ఉంటే పూర్తి ఫీజు. ఆ పైన ర్యాంకు వచ్చినవాళ్లలో ఎక్కువమందికి 35 వేలే, మిగతాది వాళ్లే కట్టుకోవాలి. అప్పట్లో దీన్ని పొదుపు చర్యగానే చూశారు. నిజానికి మారింది పథకం స్వభావం. ‘సీటు తెచ్చుకో, ఫీజు మేం చూసుకుంటాం’ అన్న మాట ‘ఇంతవరకే చూసుకుంటాం’ అయింది. ఆ ‘ఇంత’ను ఎన్నేళ్లకోసారి సవరించాలన్న ఆలోచన ఎవరూ చేసినట్టు లేదు.

తెలంగాణ ఏర్పడ్డాక దాన్ని సరిచేసే అవకాశం ఒకటి వచ్చింది. 2014లో కొత్త ప్రభుత్వం ఈ పథకం స్థానంలో ‘ఫాస్ట్’ (తెలంగాణ విద్యార్థులకు ఆర్థిక సాయం) తెస్తామంది. కానీ వాదనంతా 1956కు ముందు నుంచి ఇక్కడ ఉన్న కుటుంబమా కాదా అన్న స్థానికత చుట్టూనే తిరిగింది. హైకోర్టు తప్పుపట్టడంతో ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకుని పాత పద్ధతికే వచ్చారు. పాత పద్ధతితో పాటు 35 వేలూ వచ్చింది.

ఫీజులు మాత్రం ఆగలేదు. ఫీజుల నియంత్రణ కమిటీ మూడేళ్లకోసారి కొత్త ఫీజులు ఖరారు చేస్తుంది. 2016లో, 2019లో, 2022లో ఆ పని జరిగింది. 2022లో కనీస ఫీజునే 45 వేలు చేశారు. అంటే రాష్ట్రంలో అన్నిటికన్నా చౌక ప్రైవేటు కళాశాలలో చేరినా 10 వేలు దాటిన ర్యాంకు బీసీ విద్యార్థి ఏటా 10 వేలు జేబులోంచి తీయాల్సిందే. 1.60 లక్షల ఫీజు ఉన్న కళాశాలలో సీటొస్తే తేడా ఏడాదికి 1.25 లక్షలు, నాలుగేళ్లకు 5 లక్షలు. పథకానికి అర్హత పొందాలంటే ఆ ఇంటి వార్షికాదాయం పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు దాటకూడదు. ఈ రెండు అంకెలూ ఒకే ఇంట్లో ఎలా ఇముడుతాయో లెక్క వేసిన అధికారి ఉంటే చెప్పాలి.

విద్యార్థుల వాదన ఇక్కడే మొదలవుతుంది. తేడా డబ్బు చేరేటప్పుడే అప్పు చేసి కడతారు. చాలాచోట్ల ఆ 35 వేలు కూడా ముందు మీరే కట్టండి, సర్కారు ఇచ్చాక తిరిగిస్తాం అంటారు. కట్టలేనివాళ్ల దగ్గర ప్రభుత్వం ఇవ్వకపోతే మేమే కడతామని సంతకం తీసుకుంటారు. స్కాలర్‌షిప్‌ల వెబ్‌సైటు ఈ-పాస్‌లో దరఖాస్తు, బయోమెట్రిక్, 75 శాతం హాజరు, అన్నీ సక్రమంగా ఉన్నా, ట్రెజరీ బిల్లు తీసుకుని టోకెన్ నంబరు ఇచ్చాక డబ్బు రాకుండా ఆగిపోతే పిల్లవాడు చేయగలిగింది ఏమీ లేదు. నాలుగేళ్లూ అయిపోయాక ఒరిజినల్ సర్టిఫికెట్లు అడిగితే బకాయి చూపిస్తారు. సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదని ఉన్నత విద్యను పర్యవేక్షించే కేంద్ర సంస్థ యూజీసీ 2018లోనే చెప్పింది. ఉద్యోగంలో చేరే తేదీ నెత్తి మీదున్నప్పుడు యూజీసీ ఉత్తర్వు పట్టుకుని ఎవరు పోట్లాడతారు? ఎక్కడో వడ్డీకి తెచ్చి కట్టేస్తారు. తర్వాత ప్రభుత్వం డబ్బు విడుదల చేసినా, అది తిరిగి ఆ ఇంటికి చేరిందో లేదో అడిగే వ్యవస్థ లేదు.

అధ్యాపకులకు నెలల తరబడి జీతాలివ్వలేకపోతున్నామని, చిన్న కళాశాలలు మూసేసుకోవాల్సి వస్తోందని యాజమాన్యాలు అంటున్నాయి. అందులో నిజం ఉంది. అయితే అన్నీ ఆ స్థితిలో లేవు. 2024లో సాంకేతిక విద్యను పర్యవేక్షించే కేంద్ర మండలి ఏఐసీటీఈ సీట్ల పరిమితి సడలించాక, ప్రభుత్వం ఒప్పుకోకపోయినా కంప్యూటర్ సైన్స్ సీట్లు పెంచుకుంటామని హైకోర్టుకు వెళ్లిన కళాశాలలూ ఉన్నాయి.

ఆంధ్రప్రదేశ్ వేరే దారి పట్టింది. 2019 తర్వాత ర్యాంకు షరతు తీసేసి పూర్తి ఫీజు అన్నారు. 2021 నుంచి తల్లుల ఖాతాల్లో వేశారు. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కళాశాలలకే ఇస్తామన్నారు. అక్కడ 35 వేల గీత లేదు కానీ బకాయిలున్నాయి, ఆగిన సర్టిఫికెట్లూ ఉన్నాయి.

తెలంగాణలో 2025 సెప్టెంబరులో కళాశాలల నుంచి బంద్ హెచ్చరిక రాగానే, టోకెన్లు ఇచ్చిన 1,200 కోట్లు రెండు విడతల్లో ఇస్తామని ప్రభుత్వం చెప్పింది. మాట నిలబడలేదంటూ కళాశాలలు నవంబరు 3 నుంచి తలుపులు మూశాయి. మొత్తం బకాయి 10 వేల కోట్ల దాకా ఉందన్నాయి. మరికొన్ని వందల కోట్లకు ఒప్పందం కుదిరి 7న విరమించాయి. చర్చల్లో ప్రధానంగా నలిగినవి ఎన్ని కోట్లు, ఎప్పటికి అన్న రెండు ప్రశ్నలే.

ఇంతలో 2022-25 ఫీజుల గడువు తీరింది. కళాశాలలు కొత్త ఫీజులు అడిగితే 2025-26కు పాతవే కొనసాగుతాయని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. కొన్ని యాజమాన్యాలు దాని మీదా హైకోర్టు మెట్లెక్కాయి. కొత్త ఫీజు ఎంతకు తేలినా, 10 వేలు దాటిన ర్యాంకు బీసీ, ఈబీసీల్లో ఎక్కువమందికి ప్రభుత్వం కట్టేది, జీవో మారితే తప్ప, 35 వేలే.