గుడి గుడ్డ నుంచి ఊరి గోడ దాకా

తిరుపతిలో గోడలకు, ఫ్లైఓవర్ స్తంభాలకు శ్రీకాళహస్తి శైలి కలంకారీ బొమ్మలు వేయాలని అనుకున్నప్పుడల్లా ఒకే ప్రశ్న వస్తుంది. కుంచె పట్టడం రాని కాలనీవాళ్ల చేత, పిల్లల చేత ఇది వేయించవచ్చా? వేయించవచ్చు. పదిమంది చేతుల పని ఈ విద్యలో మొదటి నుంచీ ఉన్నదే.

కలంకారీ అనేది పారసీ పేరు. మన వాడుకలో ఇది వ్రాతపని. రామాయణ, భారత కథలు రాసిన పెద్ద గుడ్డల్ని గుళ్లలో దేవుడి వెనక తెరగానో, రథానికో కట్టేవారు. నడుమ పెద్ద ఘట్టం, చుట్టూ వరుసల్లో చిన్న బొమ్మలు, వాటి కింద తెలుగులో కథ. ఆదరణ తగ్గి విద్య అడుగంటుతున్న రోజుల్లో, 1950లలో, హస్తకళల కోసం పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో శ్రీకాళహస్తిలో శిక్షణ మొదలైంది. ఇక్కడి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది.

గుడ్డ మీద పని ఇలా సాగుతుంది. గంజి పోయేలా ఉతికిన నూలు గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు సిరాను పాకనివ్వదు. చింతబొగ్గుతో బొమ్మ గీసి, వెదురు కలంతో నల్లగీత వేస్తారు. కలానికి చుట్టిన ఉన్ని సిరా పీల్చుకుని, వేలితో నొక్కేకొద్దీ వదులుతుంది. ఆ సిరా పేరు కసిమి: తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియబెట్టినది. కుండలో ఉన్నప్పుడు అంత నలుపుండదు. గుడ్డలోని కరక్కాయ తగలగానే నల్లబడుతుంది. ఎరుపు రావాల్సిన చోట, రంగును పట్టి ఉంచే పటికనీళ్లు పూసి, ఆరాక పారే నీటిలో ఉతకాలి. నిలవ నీటిలో ముంచితే వదిలిన పటిక పక్కకు అంటుకుని, గుడ్డను ఎర్ర రంగునీళ్లలో ఉడకబెట్టేటప్పుడు అక్కడా ఎర్రమచ్చలు తేలతాయి. శ్రీకాళహస్తి పక్కన పారే స్వర్ణముఖి నది ఒడ్డున ఈ పని వేళ్లూనడం ఊరికే కాదు.

గీత గురువుది, రంగు నింపడం ఇంటిల్లిపాదిదీ. గోడ పనికి పనికొచ్చే సూత్రం ఇదే. వరస మాత్రం తిరగబడాలి. గుడ్డ మీద నల్లగీత ముందు. గోడ మీద సుద్దగీత, రంగులు, ఆఖర్న నలుపు. పిల్లల కుంచె గీత దాటినా నలుపు కప్పేస్తుంది. నీలం దేవుళ్లకు, పసుపు స్త్రీలకు, ఎరుపు రాక్షసులకు అనే పాత లెక్క చెబితే రంగుల తికమకా తగ్గుతుంది.

కొలతకు కాగితం మీద అంగుళం గళ్లు, గోడ మీద అడుగు గళ్లు. రోడ్డు మీద నుంచి కనపడాలంటే గీత వేలెడు మందం ఉండాలి. కరక్కాయ, పటిక రంగులు గోడకు పనికిరావు, మొదటి వానకే పోతాయి. బయటి గోడల ఎమల్షన్ వాడాల్సిందే. ఎరుపుకు కావిరంగు ఆక్సైడ్ మేలు, ఎండకు ఆగుతుంది. కొత్త సిమెంటు పూత మీద నెలన్నా ఆగకుండా వేస్తే ఉప్పు పొంగి పొక్కులు లేస్తాయి. చెమ్మ పట్టిన అడుగుభాగం అసలు వదిలేయడమే నయం.

గోడ పనుల్లో ఎక్కువగా వేయకుండా వదిలేసేది కింది అక్షరాల వరుస. అది లేకపోతే బొమ్మ ఏ కథదో చూసేవాడికి తెలియదు. గళ్లు కొట్టేటప్పుడే ప్రతి బొమ్మ కింద జానెడు జాగా విడిచిపెట్టాలి. రంగులు పడ్డాక దానికి చోటు దొరకదు.