లింకన్ హత్యను చూసిన మనిషి టీవీకి వచ్చిన రోజు

అబ్రహాం లింకన్ హత్య 1865లో జరిగింది. దాన్ని కళ్లారా చూసిన మనిషి టీవీలో కూర్చుని మాట్లాడారంటే మొదట నాకూ నమ్మబుద్ధి కాలేదు. ఆయన పేరు శామ్యూల్ సీమోర్. 1956 ఫిబ్రవరిలో, 95 ఏళ్ల వయసులో, అమెరికాలో సీబీఎస్ టీవీ ఛానెల్ వాళ్ల 'ఐవ్ గాట్ ఎ సీక్రెట్' షోకి అతిథిగా వచ్చారు.

ఈ షో 1952లో మొదలైంది. అప్పటికే నడుస్తున్న 'వాట్స్ మై లైన్?'లో అతిథి ఏం పని చేస్తారో ప్యానెల్ కనిపెట్టాలి. అదే నిర్మాతలు గుడ్‌సన్, టాడ్‌మన్ ఇక్కడ పని స్థానంలో రహస్యం పెట్టారు. అతిథి తన రహస్యాన్ని హోస్ట్ గ్యారీ మూర్ చెవిలో చెబుతుంటే, ఇళ్లలో చూసేవాళ్లకు అది తెర మీద అక్షరాల్లో కనిపించేది. తెలియనిది ప్యానెల్‌లోని నలుగురికే. నలుగురూ ఓడితే అతిథికి 80 డాలర్లు, స్పాన్సర్ల విన్‌స్టన్ సిగరెట్ల కార్టన్ దక్కేవి. అంత చిన్న మొత్తం కోసం ఎవరూ రారు, తమ కథ చెప్పుకోవడానికే వచ్చేవారని నా నమ్మకం.

సీమోర్ హోటల్లో పడిపోయి కంటి దగ్గర వాపుతో వచ్చారు. మానేయమని షో వాళ్లు చెప్పినా వినలేదు. లింకన్ హత్య జరిగిన ఫోర్డ్స్ థియేటర్‌లో ఆ రాత్రి ఆయన ఐదేళ్ల పిల్లాడు. పై నుంచి స్టేజీ మీద పడిన మనిషిని చూసి, అయ్యో పాపం, దెబ్బ తగిలిందేమో అనుకున్నారు. ఆ పడినవాడే హంతకుడు బూత్. ప్యానెల్ రహస్యం కనిపెట్టేసింది. ఆయన పైపు తాగుతారు కాబట్టి సిగరెట్ల బదులు పొగాకు డబ్బా ఇచ్చారు. రెండు నెలలకే, ఏప్రిల్ 12న ఆయన కన్నుమూశారు.

1962లో నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ తల్లిదండ్రులు వచ్చారు. తమ కొడుకు వ్యోమగామిగా ఎంపికయ్యాడన్నదే వాళ్ల రహస్యం. చంద్రుడి మీద దిగే మొదటి మనిషి మీ అబ్బాయే అయితే ఎలా ఉంటుందని మూర్ ఆ తల్లిని అప్పుడే అడిగారు!

నన్ను బాధపెట్టింది మాత్రం 1957 జులైలో వచ్చిన ఫైలో ఫార్న్స్‌వర్త్ ఎపిసోడ్. ఎలక్ట్రానిక్ టీవీ ఆలోచన ఆయనకు 14 ఏళ్లకే తట్టింది. 1927లో శాన్‌ఫ్రాన్సిస్కోలో దాన్ని పని చేయించి చూపించారు. పేటెంట్ల కోసం రేడియో, టీవీల దిగ్గజం ఆర్‌సీఏ కంపెనీతో ఏళ్ల తరబడి పోరాడి గెలిచారు. టీవీ వల్లే పేరు తెచ్చుకున్న ప్యానెల్‌లోని ఆ నలుగురూ ఆయన్ని గుర్తుపట్టలేకపోయారు. ఆట అయ్యాక, ఇప్పుడేం చేస్తున్నారని మూర్ అడిగారు. టీవీ బొమ్మ ఏర్పడే అడ్డగీతలను అప్పటి 525 నుంచి 2000 దాటించి బొమ్మను ఇంకా స్పష్టంగా చేస్తామని, టీవీ అంటే ఫ్రేము కట్టిన పటం లాంటి తెర మాత్రమే మిగిలే రోజు వస్తుందని ఆయన నెమ్మదిగా చెప్పారు.