మునిగిన ఘాజీ, తేలని లెక్క

విశాఖ తీరానికి చేరువలో, సుమారు 100 మీటర్ల లోతున పడి ఉన్న, 1971 భారత్-పాక్ యుద్ధంలో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ శిథిలాన్ని నౌకాదళం గుర్తించిందని 2024 ఫిబ్రవరిలో వార్త వెలువడడంతో, దానిని ముంచింది ఎవరన్న పాత వాదం మళ్ళీ రాజుకుంది. భారత విమానవాహక నౌక విక్రాంత్‌ను ముంచేందుకు అది కరాచీ నుంచి రావడం, ఆ నౌకను అండమాన్ వైపు తరలించి మరో యుద్ధనౌక ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్‌ను ఎరగా చూపడం విశాఖలో అందరికీ తెలిసిన కథే. తగవంతా 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దగ్గరే ఉంది.

ఆ రాత్రి రేవు దాటిన రాజ్‌పుత్ అనుమానం కలిగిన చోట రెండు డెప్త్ చార్జ్‌లు (నీటి లోతున పేలే బాంబులు) జారవిడిచిందని, కొద్దిసేపటికి తీరంలోని ఇళ్ళ కిటికీ అద్దాలు అదిరేంత పేలుడు వినిపించిందని తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ కథనం. ఘాజీలోని 93 మందిలో ఎవరూ మిగలలేదు.

అయితే మర్నాడు తేలుతున్న వస్తువులు మత్స్యకారుల కంటబడిన తరువాత, డైవర్లు అడుగున చూసినదే ఈ వివాదానికి అసలు కీలకం. టార్పెడోలు, మందుపాతరలు ఉండే ముందు భాగమే ఛిద్రమై ఉంది. డెప్త్ చార్జ్ బయటి నుంచి నీటి ఒత్తిడితో ఉక్కును లోపలికి అణుస్తుంది. లోపలి మందుగుండు పేలితే ఓడ ముక్కలవుతుంది. బ్యాటరీలు చార్జ్ చేసేటప్పుడు వెలువడే హైడ్రోజన్ పోగుపడి ఒక్క నిప్పురవ్వకు అంటుకోవడమో, తాను పరిచిన మందుపాతరనే తాకడమో కారణమన్న అభిప్రాయం చాలాకాలంగా ఉంది. పాకిస్తాన్ కూడా దీనిని ప్రమాదమనే అంటుంది. డెప్త్ చార్జ్‌ల దెబ్బకు ఘాజీ అడుగుకు దూసుకుపోయి నేలను తాకిందని, అప్పుడే లోపలి మందుగుండు పేలిందని రాజ్‌పుత్ ముంచిందన్న భారత్ అధికారిక కథనాన్ని సమర్థించేవారి సమాధానం.

నాడు సైన్యం తూర్పు కమాండ్‌లో చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా ఉన్న జె.ఎఫ్.ఆర్. జాకబ్ మాటల్లోనూ ఇది ప్రమాదమే. మందుపాతరలు పరుస్తూ డిసెంబరు 1న గానీ 2న గానీ ఘాజీ పేలిపోయిందని, శకలాలు దొరికాయని కృష్ణన్ తనకు 3వ తేదీనే ఫోన్ చేశారని ఆయన రాశారు. అర్ధరాత్రి పేలుడును నగరమే విన్నదని చెబుతున్నప్పుడు ఈ తేదీలు పొసగవు. తేదీల్లో జాకబ్ పొరబడి ఉండవచ్చు గానీ, ఆయన హోదాలోని సైనికాధికారి కారణం విషయంలో చెప్పిన మాటను తేలికగా తోసిపుచ్చలేం.

ఓడను పైకి తీస్తామని అమెరికా, సోవియట్ యూనియన్ ముందుకొచ్చినా భారత్ ఒప్పుకోలేదు. ఘాజీకి సంబంధించిన దస్త్రాలను తూర్పు నౌకాదళంలో ధ్వంసం చేశారని 2010లో పత్రికలు రాశాయి. 2024లో శిథిలాన్ని చూసిన నౌకాదళం, మృతుల పట్ల గౌరవంతో దానిని తాకకుండా వదిలేసింది.